తనిఖీ రోజు నీళ్ళు

గిరిధర్ చివరి స్లయిడ్ చూపించి కూర్చునేసరికి, ఆ గదిలో సగంమంది మనసులోనే కొత్త ప్లాంటు కట్టేశారు. తెర మీద నీలం రంగు తొట్లు, వాటి చుట్టూ పచ్చిక, పచ్చిక మీద నడుస్తున్న పిల్లలు. మురుగునీటి శుద్ధి ప్లాంటు పక్కన ఏ తల్లీ పిల్లల్ని ఆడించదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా బొమ్మ బాగుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద కన్సల్టెన్సీ కంపెనీ బొమ్మ అంటే ఆమాత్రం ఉండాలి.

"వీణాజీ, ఇక మీరు," అన్నాడు మున్సిపల్ కమిషనర్ హిందీలో.

వీణ ల్యాప్‌టాప్ తెరవలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. నలభై అయిదేళ్ళ మనిషి. రాయపూర్ రైల్వే కాలనీలో పుట్టి, ఈ ఊళ్ళోనే ఇంజనీరింగు చదివి, ఈ ఊరి మురుగుతోనే ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తోంది. ఆవిడ కంపెనీ అంటే ఆవిడ, శాంపిళ్ళు పరీక్షించే శామ్సన్ గారు, స్టార్టు చేసిన ప్రతిసారీ ఒకసారి దగ్గి కదిలే ఒక వ్యాను. అంతే.

"నాదొక్కటే ప్రశ్న సార్. మీ ప్లాంటు ఎప్పుడు ఫెయిలవుతోంది?"

కమిషనర్ విసుగ్గా ఫైలు మూశాడు. "అది మీకు పంపిన కాగితాల్లోనే ఉంది. శుద్ధి చేసిన నీళ్ళు నాలాలోకి వదలాలంటే ఇదివరకు బీవోడీ ముప్ఫై దాకా చెల్లేది. ఇప్పుడు పదికి దించారు. దించినప్పటి నుంచీ కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్ళు ఎప్పుడొచ్చి పరీక్షించినా ఇరవై పైనే. మా ల్యాబ్‌లో పిల్ల మాత్రం రోజూ ఎనిమిది, తొమ్మిది అని రాస్తోంది."

బీవోడీ అంటే నీళ్ళలో కుళ్ళే సరుకు ఎంత మిగిలిందో చెప్పే కొలత. అది ఎంత తక్కువైతే నీళ్ళు అంత శుభ్రం.

"అంటే దొంగలెక్క రాస్తోందంటారు."

"ఇంకేమనాలి? షోకాజ్ నోటీసు ఇచ్చాం. సోమవారం ప్లాంటు దగ్గరే విచారణ. తేలితే ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా పెడతాం. కన్సల్టెంటు కావాల్సింది ఆ తర్వాత పనికి. పది లోపు నీళ్ళిచ్చే కొత్త ప్లాంటు డిజైను చెయ్యడానికి."

"సార్, తనిఖీ రోజున మెరిసిపోయి, జీపు గేటు దాటగానే కంపు కొట్టే ప్లాంట్లు నేను బోలెడు చూశాను. సరిగ్గా తనిఖీ రోజునే చెడిపోయే ప్లాంటు మాత్రం ఇదే మొదలు. దొంగసొమ్ము దాచేవాడు పోలీసులొచ్చే రోజున ఇల్లు సర్దుకుంటాడు గానీ, ఆ రోజే దాన్ని తెచ్చి వాకిట్లో ఆరబెడతాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గిరిధర్ తెలుగులో, నవ్వుతూనే అన్నాడు: "వీణ గారూ, మీరు అప్లై చేసింది ఇంజనీరు పనికా, డిటెక్టివు పనికా?"

"రెండూ ఒకటే గిరిధర్ గారూ. స్లయిడ్లు ఎక్కువైతే ఆ సంగతి మర్చిపోతాం."

ఆవిడ కమిషనర్ వైపు తిరిగింది. "సోమవారం దాకా నన్ను పెట్టుకోండి. రెండు అంకెలూ ఎందుకు కలవడం లేదో చెబుతాను. ఆ పిల్ల తప్పు రాసిందని తేలితే మరునాడే గిరిధర్ గారి ఫైలు మీద సంతకం పెట్టండి. కాదని తేలితే, కట్టక్కర్లేని ప్లాంటుకి డిజైను చేయించుకునే శ్రమ మీకు తప్పుతుంది."

కమిషనర్ ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో బతిమాలడం లేదు.

"సోమవారం దాకా," అన్నాడు.

ఆ సాయంత్రమే కమిషనర్ ఆఫీసు నుంచి ప్లాంటుకి కబురు వెళ్ళింది, మర్నాడు కన్సల్టెంటు గారు వస్తున్నారని. ఉర్లా దారిలో ఫ్యాక్టరీల గోడలు దాటాక, నాలా పక్కన ఉంది ప్లాంటు. వీణ వ్యాను గేటు దగ్గరికి రాగానే కాపలావాడు సెల్యూట్ కొట్టాడు. లోపల దారికి రెండు వైపులా రాళ్ళకి ఒకటి విడిచి ఒకటి సున్నం, జేగురు. నేల మీద తడి ఇంకా ఆరలేదు. ఆకు అనేది ఎక్కడా కనపడలేదు, ఆఖరికి చెట్ల కింద కూడా.

"వీణమ్మా, ఇది మురుగు ప్లాంటా, పెళ్ళి పందిరా?" అన్నాడు శామ్సన్ కిందికి దిగుతూ.

అరవై దాటిన మనిషి ఒకాయన బంతిపూల దండతో ఎదురొచ్చాడు. ఖాకీ చొక్కా, చొక్కాకి ఇస్త్రీ, మెడలో ఈల. "సూపర్వైజర్ సూరిబాబునమ్మా. రండి, రండి. కొబ్బరినీళ్ళు తెమ్మన్నాను."

"పలాస వైపా?" అంది వీణ, ఆ యాస పట్టుకుని.

"టెక్కలమ్మా. మరి మీకు ఎలగ తెలిసిపోయింది?"

"మా నాన్నదీ ఆ పక్కే."

ప్లాంటు చూడటానికి తేలిక. మురుగు ఒక వైపు నుంచి వస్తుంది. పెద్ద తొట్లలో గాలి కొడతారు. తర్వాత గుండ్రటి తొట్టిలో మడ్డి అడుక్కి దిగి, తేరిన నీళ్ళు పైనుంచి పొంగి, అంచు చుట్టూ ఉన్న సన్నటి కాలవలో పడతాయి. ఆ కాలవ నుంచి క్లోరిన్ తొట్టికి, అక్కడి నుంచి నాలాకి. శాంపిలు తీసేది క్లోరిన్ తొట్టి చివర.

శామ్సన్ అక్కడ సీసా ముంచి పైకెత్తాడు. ఎండకి పట్టి చూసి పెదవి విరిచాడు. నీళ్ళలో గోధుమరంగు నలకలు సుడి తిరుగుతున్నాయి.

"ఇది పది కాదమ్మా. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు."

వీణ సరాసరి ల్యాబ్‌కి నడిచింది. అక్కడ తెల్లకోటులో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ప్రియాంక. ఎమ్మెస్సీ చేసింది, వాళ్ళమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ, చూపు మాత్రం దించలేదు.

"ఈరోజు శాంపిలు తీశావా?"

"ఆరింటికి తీశాను మేడమ్. రోజూ అప్పుడే తీస్తాను."

"మేం ఇప్పుడు పదకొండింటికి తీసింది బురదలా ఉంది. నీది?"

ప్రియాంక ఫ్రిజ్ తెరిచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. సీసా వెనక గోడ మీది క్యాలెండర్ అక్షరాలు చదువుకోవచ్చు.

"కుళాయి నీళ్ళు కలపడం పెద్ద కష్టం కాదమ్మా," అంది వీణ, కావాలనే.

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "కలిపానని మీరనుకుంటే పరీక్ష చెయ్యండి. మీరు కన్సల్టెంటు కదా, అందుకే కదా పిలిచారు మిమ్మల్ని. అందరూ వచ్చి నా ముఖం చూస్తారు, నా సీసా ఎవరూ చూడరు. సోమవారం నాకు ఉద్యోగం పోతుంది. తర్వాత పోలీసులు ఇంటికొస్తారు. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు ఆ ఆసుపత్రిలో పనిచేసింది, రేపట్నుంచి వార్డులోకి ఏ ముఖంతో వెళ్తుంది? నేను ఒక్క అంకె కూడా మార్చలేదు మేడమ్."

"సీసా ఇవ్వు," అంది వీణ.

ఏడ్చి అడిగితే వీణ కరిగేది కాదు. పరీక్షించమంటే మాత్రం వెంటనే కదులుతుంది.

ఆ సాయంత్రానికల్లా శామ్సన్ రెండు సీసాల నీళ్ళలోనూ ఉప్పు ఎంతుందో చూశాడు. మురుగునీటిలో ఉప్పు ఉంటుంది, దాన్ని ఏ ప్లాంటూ తీసెయ్యలేదు. కుళాయి నీళ్ళు కలిపితే పలచబడి తీరాలి.

"రెంటిలోనూ ఒకటే ఉప్పమ్మా," అన్నాడు శామ్సన్ కళ్ళజోడు తీస్తూ. "పిల్ల నీళ్ళు కలపలేదు. రెండూ ఒకే తల్లి బిడ్డలు. తేడా అల్లా మన సీసాలో మడ్డి. వడగట్టి ఆరబెట్టి తూచాను, ఆ పిల్ల సీసాలోదానికన్నా అయిదింతలు ఎక్కువుంది."

"అంటే ఆరింటికీ పదకొండుకీ మధ్య నీళ్ళలో ఏదో పడుతోంది."

"పడటం కాదు, ఎవడో వేస్తున్నాడు." శామ్సన్ గొంతు తగ్గించాడు. "చూడండి, తనిఖీ ఉన్న రోజే పడుతోంది. కొత్త ప్లాంటు కడితే ఎవరికి లాభమో..."

"గిరిధర్ వచ్చి బకెట్టుతో బురద పోస్తున్నాడంటారా?"

"ఆయనెందుకు వస్తాడు, మనుషుల్ని పెడతాడు. లేకపోతే ఉర్లాలో ఏ ఫ్యాక్టరీయో పైపు కలిపేసి ఉంటుంది."

"ఫ్యాక్టరీ నీళ్ళు కలిస్తే ఉప్పు మారేది శామ్సన్ గారూ. గిరిధర్‌ని నేను తప్పు పట్టేది ఆయన స్లయిడ్లలో పిల్లల్ని చూసి, అంతే. రేపు చెప్పకుండా వెళ్దాం. వ్యాను వద్దు, దాని దగ్గు అరమైలు వినిపిస్తుంది."

గురువారం పొద్దున్న ఇద్దరూ ఆటోలో వెళ్ళి దిగారు. కాపలావాడు బీడీ పారేసి లేచేలోపే లోపలికి నడిచారు. నిన్నటి ప్లాంటు కాదిది. దారి మీద ఆకులు రాలి ఉన్నాయి. కుక్క ఒకటి పంపు గది నీడలో పడుకుని, లేవాలా వద్దా అని ఆలోచిస్తోంది. గుండ్రటి తొట్టి అంచు కాలవలో అక్కడక్కడా పచ్చటి పాచి మళ్ళీ వేళ్ళూనుతోంది.

శామ్సన్ క్లోరిన్ తొట్టి చివర సీసా ముంచాడు. పైకెత్తాడు. వీణకి అందించాడు.

తేటగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే సూరిబాబు పరుగులాంటి నడకతో వచ్చాడు. ఇస్త్రీ లేని చొక్కా, సగం పెట్టిన బొత్తాలు. ముఖంలో ఇంట్లో పెళ్ళివారు చెప్పకుండా దిగిన ఆడపిల్ల తండ్రి కంగారు.

"ఏటమ్మా ఇది, సెప్పకుండా ఒచ్చేసినారు! ఒక్క ఫోన్ కొడితే ఏటి పోయింది? ప్లాంటు ఎలగుందో సూడండి, సిగ్గైపోతంది నాకు. బోర్డోలు ఒచ్చినా ముందు రోజు తెలిసిపోతాది మాకు. ఆళ్ళ జీపు డ్రైవర్ ధనుంజయ్ మావోడే, సాయంత్రమే సెప్పేస్తాడు."

వీణ సీసా పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది.

"బోర్డు వాళ్ళవి సర్‌ప్రైజ్ తనిఖీలు కదా బాబాయ్?"

"ఆళ్ళకి సర్‌ప్రైజమ్మా. మాకేటి సర్‌ప్రైజు?"

శామ్సన్ దగ్గు తెచ్చుకుని నవ్వు మింగాడు. వీణ మాత్రం సూరిబాబు మెడలోని ఈల వైపు చూస్తోంది. పంపు గది గోడకి వరసగా ఆనించిన తీగ బ్రష్షుల వైపు చూసింది. వాటి పక్కన సున్నం డ్రమ్ము, జేగురు డబ్బా. ఆ వరస, ఆ పొందిక ఆవిడకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"బాబాయ్, మీరు రైల్వేలో చేశారా?"

సూరిబాబు ఛాతీ ముందుకొచ్చింది. "ముప్ఫై అయిదేళ్ళు. కేరేజ్ వేగన్ డిపో. మేట్‌గా రిటైరయ్యాను."

"మా నాన్న గార్డు. వెంకటరత్నం."

"ఓలమ్మో! గార్డు వెంకటరత్నం కూతురివేటి నువ్వు! మరి ముందే సెప్పవేటమ్మా!"

ఆ ఒక్క మాటతో సూరిబాబు 'మీరు' వదిలి 'నువ్వు'లోకి దిగాడు. వీణకి కావలసింది అదే. పంపు గది గట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"మా చిన్నప్పుడు జీఎం ఇన్‌స్పెక్షన్ అంటే కాలనీ అంతా పండగలా ఉండేది. నాన్న మూడు రోజులు ఇంటికే వచ్చేవాడు కాదు. ఇప్పుడు చెప్పు బాబాయ్, రేపు ఇక్కడికి ఎవరో పెద్దాయన వస్తున్నాడని నీకు తెలిసింది. ఏం చేస్తావు?"

"ఏటి సెయ్యను? అన్నీ సేత్తాను!" సూరిబాబు వేళ్ళు మడవడం మొదలెట్టాడు. "ముందు రోజే సున్నం, జేగురు. పొద్దున్న ప్రియాంకమ్మ శాంపిలు తీసుకోని లోపలికెళ్ళగానే మనుషుల్ని దింపుతాను. రోడ్డు, మెట్లు, రెయిలింగు. ఆ తరవాత అసలు పని. ఆ గుండ్రం తొట్టి అంచు కాలవ లేదా, అందులో పాచి పడతాది సూడు, సూడ్డానికి అసయ్యంగా ఉంటాది. తీగ బ్రష్షులతో రుద్ది రుద్ది సిమెంటు తెల్లగా కనపడేదాకా ఒదల్ను. పదింటికల్లా ఎకదమ్ చకాచక్. బడే సాబ్ ఒచ్చేసరికి ఒక్క బ్రష్షు కూడా బయట కనపడదు. ఇన్‌స్పెక్షనంటే అదీ. కడిగినట్టే తెలీకూడదు."

"ఆ రుద్దిన పాచి ఎక్కడికి పోతుంది బాబాయ్?"

"నీళ్ళలో కొట్టుకుపోతాది."

"నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"క్లోరిన్ తొట్టికి..." అని, సూరిబాబు ఆగాడు.

కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, అవతలికి పోయింది.

"ఆ తొట్టిలో నెమ్మదిగా తిరుగుతూ మధ్యాహ్నం దాకా కొంచెం కొంచెం బయటికి వస్తుంది," అంది వీణ. "సరిగ్గా బోర్డు వాళ్ళు సీసా ముంచే చోట."

సూరిబాబు ముఖంలో రంగు దిగిపోయింది. "నానెప్పుడూ ఇలగే కడుగుతున్నానమ్మా. ముందెప్పుడూ ఏటీ అవలేదు."

"ముందు ముప్ఫై దాకా చెల్లేది. నీ పాచి కలిసినా ఇరవై అయిదే, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పది దాటితే పట్టుకుంటారు."

"మరి... నోటీసు ఒచ్చినకాడ నుంచీ నాను ఇంకా గట్టిగా రుద్దిత్తన్నాను. ఇదివరకు పీచుతో తోమించేవోడిని. ఈ గుంట ప్రియాంకమ్మ ఉద్యోగం నిలబడాల, ప్లాంటు సూసి ఆళ్ళు మెచ్చుకోవాలని తీగ బ్రష్షులు నానే కొనితెచ్చినాను!"

"అంకుల్!"

ల్యాబ్ గుమ్మంలో ప్రియాంక. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆ పిల్ల అరుస్తుందో, ఏడుస్తుందో అనుకుంది వీణ. రెండూ కాదు. మెల్లిగా వచ్చి ఆ ముసలాయన ఎదురుగా నిలబడింది.

"మీరు తోముతుంటే ఆ చప్పుడు నాకు లోపలికి వినిపిస్తూనే ఉంటుంది అంకుల్. తనిఖీ అంటే కడగరా అనుకున్నాను. నేనూ లోపల నేల తుడుచుకుంటూ కూర్చున్నాను, బోర్డు వాళ్ళ సీసాలు మురికివేమో అని వాళ్ళని తిట్టుకుంటూ."

"నన్ను కొట్టమ్మా," అన్నాడు సూరిబాబు. "నాను పోయి కమిషనర్ సాబ్‌కి సెప్పేస్తాను. నాదే తప్పని రాసిచ్చేస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ."

"అలా చెప్తే ఏమవుతుందో తెలుసా బాబాయ్?" అంది వీణ లేస్తూ. "పిల్లని కాపాడటానికి ముసలాయన తప్పు నెత్తిన వేసుకున్నాడంటారు. మన మాట ఎవరూ నమ్మరు. నీళ్ళ చేత చెప్పించాలి. సోమవారం కమిషనర్, బోర్డు వాళ్ళు, అందరూ వస్తారు. ఆ రోజు నువ్వు ఆ కాలవ కడక్కూడదు."

సూరిబాబు నోరు తెరుచుకుంది. "కమిషనర్ సాబ్ ఒస్తంటే పాచి అలగే ఒగ్గేయమంటావా?"

"ఒగ్గెయ్యి."

"ఆయన సూత్తాడు కదమ్మా!"

"చూడాలి."

"నా వల్ల కాదు. పానం పోతాది."

"పోదు," అంది ప్రియాంక. "నేనుంటాను పక్కనే."

సోమవారం వీణ అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. వచ్చేసరికి గుండ్రటి తొట్టి దగ్గర రభస. ప్లాంటు నడిపే కాంట్రాక్టు కంపెనీ మేనేజరు నాగబాబు చేతులు ఊపుతూ కేకలేస్తున్నాడు. చుట్టూ కూలీలు ఎటు కదలాలో తెలియక నిలబడ్డారు. పాచి నాలుగు రోజుల్లో బాగా పెరిగి, కాలవ పొడుగునా పచ్చగా వేలాడుతోంది.

"ఏంటయ్యా సూరిబాబూ ఈ దరిద్రం? కమిషనర్ బండి ఉర్లా దాటింది! బ్రష్షులేవి?"

బ్రష్షులు సూరిబాబు కింద ఉన్నాయి. ఆయన వాటిని గట్టు మీద పేర్చి, వాటి మీద గొంగడి వేసి, దాని మీద కూర్చున్నాడు. పక్కనే తెల్లకోటులో ప్రియాంక.

"లే!"

"లెగను సార్."

"నేను చెబుతున్నాను, లే! కడిగించు!"

"ముప్ఫై అయిదేళ్ళు సర్వీసులో పై ఆఫీసరు మాట ఒక్కసారి కాదనలేదు సార్," అన్నాడు సూరిబాబు. చెంపల మీద చెమట కారుతోంది, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "ఈ ఒక్క పూటా కాదంటన్నాను. మీరు కూడా కూకోండి, ఎండగా ఉంది."

నాగబాబు కూలీల వైపు తిరిగేలోపు వీణ అడ్డం వచ్చింది. "నాగబాబు గారూ, కమిషనర్ నన్ను సోమవారం దాకా పెట్టుకున్నారు. ఈరోజు సోమవారమే. ఈ కాలవని ఎవరు ముట్టుకున్నా, ఆయనకి జవాబు మీరే చెప్పుకోవాలి."

అప్పటికే గేటు దగ్గర ఈల వినిపించింది.

కమిషనర్ దిగాడు. వెనక బోర్డు సైంటిస్టు, ఇద్దరు ఇంజనీర్లు, వాళ్ళ వెనక నల్లకళ్ళద్దాలతో గిరిధర్. ఆకులు తొక్కుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చి, కమిషనర్ కాలవలోకి తొంగిచూశాడు. ముక్కు చిట్లించాడు.

"ఇదా మీ నిర్వహణ? విచారణ రోజున కూడా కడగలేరా?"

సూరిబాబు కళ్ళు మూసుకున్నాడు. ప్రియాంక ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"కడగవద్దన్నది నేను సార్," అంది వీణ. "ముందు బోర్డు వారు శాంపిలు తియ్యాలి. వారి సీసా, వారి చెయ్యి. మేమెవరమూ దగ్గరికి కూడా రాము."

సైంటిస్టు భుజాలెగరేసి, క్లోరిన్ తొట్టి చివరికి నడిచి, గాజు జాడీ ముంచాడు. పైకెత్తి చూశాడు. మళ్ళీ చూశాడు. తను పొరపాటున వేరే ప్లాంటుకి వచ్చానా అన్నట్టు వెనక్కి తిరిగి తొట్టి వైపు చూశాడు.

"సాఫ్ హై," అన్నాడు.

జాడీని గట్టు మీద పెట్టాడు. ఎండ దాని గుండా దూరి అవతల నేల మీద మెరిసింది.

"ఇప్పుడు బాబాయ్," అంది వీణ తెలుగులో, "జీఎం వస్తున్నాడు. కడుగు."

సూరిబాబు లేచాడు. నాలుగు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఆయన చేతుల్లోకి వచ్చింది. ఈల ఊదాడు. కూలీలు దిగారు. తీగ బ్రష్షులు సిమెంటు మీద కరకరలాడాయి. పచ్చటి పొరలు ఊడి, ముక్కలై, నీళ్ళతో దొర్లుకుంటూ క్లోరిన్ తొట్టిలోకి దిగిపోయాయి. కాలవ తెల్లబడింది. అంత శ్రద్ధగా, అంత లయగా ప్లాంటు పరువు తీయడం కమిషనర్ ఎప్పుడూ చూసి ఉండడు. ముందు విసుగ్గా నిలబడినవాడు, తర్వాత ఒక అడుగు ముందుకేసి, ఆ ముక్కలు ఎటు పోతున్నాయో మెడ తిప్పుకుంటూ చూశాడు.

టీలు వచ్చాయి. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు, శామ్సన్ తప్ప.

"ఇప్పుడు తియ్యండి," అంది వీణ.

రెండో జాడీ పైకి రాగానే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. గోధుమరంగు నలకలు, పచ్చటి పోగులు అందులో గిరగిర తిరుగుతున్నాయి. రెండు జాడీలూ పక్కపక్కన పెట్టారు.

"అదే ప్లాంటు, అవే నీళ్ళు సార్," అంది వీణ. "మొదటిది ఈ అమ్మాయి రోజూ కొలిచేది. రెండోది తనిఖీ రోజుల్లో బోర్డు వారు కొలిచేది. ఇద్దరూ ఉన్నదే రాశారు. తనిఖీకి వస్తున్నారని తెలిసి, గౌరవంగా కడిగారు. ఆ కడుగుడే మీ ప్లాంటుని ఫెయిల్ చేస్తోంది."

గిరిధర్ కళ్ళద్దాలు తీశాడు. "చూడ్డానికి బాగుంది. కానీ కంటికి కనపడేది బీవోడీ కాదు మేడమ్. ల్యాబ్ అంకె కావాలి."

"నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే రెండు జాడీలూ బోర్డు వారి చేతిలోనే ఉన్నాయి. పరీక్షకి మూడు రోజులు పడుతుంది, గురువారం అంకెలొస్తాయి. నేను ఇప్పుడే చెబుతున్నాను, మొదటిది పది దాటదు, రెండోది ఇరవై తగ్గదు. తప్పితే మీ ఫైలు మీద సంతకానికి కలం నేనిస్తాను."

గిరిధర్ ఆవిడని ఒక క్షణం చూసి నవ్వేశాడు. ఈసారి నవ్వులో ఎకసెక్కెం లేదు. "డిటెక్టివు పనికే అప్లై చేశారన్నమాట."

కమిషనర్ ఇంకా జాడీల వైపే చూస్తున్నాడు. "అయితే పాచి అలాగే వదిలేస్తామా?"

"వద్దు సార్. వారం వారం తియ్యాలి, తీగ బ్రష్షుతో కాదు, మెత్తటిదాంతో. కడిగిన నీళ్ళని ముందుకి పోనివ్వకుండా, చిన్న పంపు పెట్టి మళ్ళీ ప్లాంటు మొదటికి పంపాలి. కాలవ మీద ఎండ పడకుండా మూతలు వేస్తే పాచి సగానికి సగం తగ్గుతుంది. డిజైను ఈ వారంలో ఇస్తాను. ఊరు పెరిగాక కొత్త ప్లాంటు కావాలి, నిజమే. అప్పుడు గిరిధర్ గారిని పిలవండి. పిల్లల బొమ్మ తీసేయమనండి."

గురువారం అంకెలు వచ్చాయి. తొమ్మిది, ఇరవై ఆరు.

కమిషనర్ తనే ప్లాంటుకి వచ్చాడు, బోర్డు కాగితం చేత్తో పట్టుకుని. ల్యాబ్ ముందు నిలబడి, ప్రియాంకని పిలిచి, కొంచెం ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"బేటీ, నీ అంకెలు సరైనవే. విచారణ ఇంతటితో ఆపేస్తున్నాం. నోటీసు సంగతి మర్చిపో."

అక్కడున్న వాళ్ళందరూ ప్రియాంక దణ్ణం పెడుతుందనుకున్నారు. సూరిబాబు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మర్చిపోవడానికి వీల్లేదు సార్," అంది ప్రియాంక హిందీలో, మర్యాదగా. "నోటీసు కాగితం మీద వచ్చింది. గేటు దగ్గర అతికించారు. లోపలికొచ్చే ప్రతి లారీవాడూ చదివాడు. రద్దు కూడా కాగితం మీదే రావాలి. అక్కడే అతికించాలి."

నాగబాబు ఉలిక్కిపడ్డాడు. కమిషనర్ ఆ పిల్లని తేరిపార చూసి, వీణ వైపు తిరిగాడు, ఇది కూడా మీ డిజైనేనా అన్నట్టు.

"నాకేం సంబంధం లేదు సార్," అంది వీణ. "న్యాయంగానే ఉంది."

కమిషనర్ జీపులోంచి లెటర్‌హెడ్ తెప్పించాడు. బానెట్ మీద పెట్టి తనే నాలుగు వాక్యాలు రాశాడు. ఆరోపణ నిజం కాదని తేలింది, ల్యాబ్ అంకెలు సరైనవి, నోటీసు రద్దు, శాంపిళ్ళ బాధ్యత ఇకముందు కూడా ఈమెదే. సంతకం పెట్టాడు, సీలు వేయించాడు. సూరిబాబు గేటు దాకా పరుగెత్తి, పాత కాగితం అంచులు గోటితో ఎత్తి చింపి, ఆ చోట బంకంతా ఊడేదాకా రుద్దబోయాడు.

"అంకుల్, ఇక చాలు, అతికించండి!" అని అరిచింది ప్రియాంక.

కొత్త కాగితం ఎక్కింది. ప్రియాంక దగ్గరికి వెళ్ళి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఫోనుతో ఒక ఫొటో తీసి వాళ్ళమ్మకి పంపింది. తర్వాత ల్యాబ్‌లోకి వెళ్ళి, ఇంక్యుబేటర్ తెరిచి, మూడు రోజులు పూర్తయిన సీసాలు వరసగా బయటికి తీసి పని మొదలెట్టింది.